లినక్స్ వేశాక ల్యాప్‌టాప్ స్క్రీన్ రిజల్యూషన్ కుదరట్లేదా? ఇలా సరిచేస్కోండి

"లినక్స్ ఇన్‌స్టాల్ చేశా, అంతా బానే ఉంది కానీ స్క్రీన్ మీద అన్నీ సాగదీసినట్టు పెద్దపెద్దగా కనిపిస్తున్నాయి, సెట్టింగ్స్‌లోకి వెళ్తే 1024×768 తప్ప ఇంకో ఆప్షనే లేదు, ఏం చెయ్యాలి?" ఈ ప్రశ్న చాలామంది అడిగారు, ఇంకా అడుగుతూనే ఉన్నారు. ఒక్కొక్కళ్ళకి ముక్కలుముక్కలుగా చెప్పేకన్నా మొత్తం ఒకచోట వరసగా రాస్తే ఎవరికి ఎక్కడ ఆగిందో వాళ్ళే చూస్కుంటారని రాస్తున్నా.

ఒక్క విషయం ముందే చెప్పేస్తా. వెతికితే మొట్టమొదట దొరికేవి కొత్త మోడ్ తయారుచేసే (అంటే లిస్టులో లేని రిజల్యూషన్‌ని మనమే కలిపే) కమాండ్లు, అందరూ వాటిని తెచ్చి టెర్మినల్‌లో, అంటే కమాండ్లు టైప్ చేసే విండోలో, వేసేస్తారు, ఏదో ఎర్రర్ వస్తుంది, ఇంకోటి వేస్తారు, చివరికి సిస్టమ్‌లో ఏం మార్చామో కూడా గుర్తుండదు. ల్యాప్‌టాప్ లోపలి స్క్రీన్‌కి ఆ కమాండ్ల అవసరం దాదాపు ఎప్పుడూ రాదు. స్క్రీన్ తన అసలు సైజెంతో తనే చెప్తుంది, గ్రాఫిక్స్ డ్రైవర్ (స్క్రీన్ మీద బొమ్మ చూపించే చిప్‌ని నడిపే ప్రోగ్రామ్) సరిగ్గా ఎక్కితే ఆ సైజు దానంతటదే వచ్చేస్తుంది. రాలేదంటే డ్రైవర్ ఎక్కలేదని, లేదా ఎక్కకుండా ఏదో అడ్డుపడుతోందని. కాబట్టి ముందు ఆ అడ్డం ఏంటో చూద్దాం, కొత్తవి కలపడం ఆఖర్న.

ముందుగా కావాల్సినవి

- మీ స్క్రీన్ అసలు రిజల్యూషన్ ఎంతో తెలియాలి. ఎక్కువ ల్యాప్‌టాప్‌లకి 1366×768 లేదా 1920×1080, ఈమధ్య వచ్చేవాటికి 1920×1200, 2560×1600 లాంటివి కూడా ఉంటున్నాయి. మోడల్ నంబర్ వెనకవైపు స్టిక్కర్ మీద ఉంటుంది, దాన్ని బట్టి కంపెనీ స్పెసిఫికేషన్‌లో చూస్కోండి.
- ఇంటర్నెట్. డ్రైవర్లు, ప్యాకేజీలు దించుకోవాలి. వైఫై రాకపోతే ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో పెట్టి టెథరింగ్ ఆన్ చేస్తే చాలు.
- అడ్మిన్ పాస్‌వర్డ్, అంటే సుడో (అడ్మిన్ హక్కులతో పని చేయించే కమాండ్) అడిగినప్పుడు కొట్టేది.
- ఇన్‌స్టాల్ చేసిన పెన్‌డ్రైవ్ ఇంకా ఉంటే చెరపకుండా పక్కన పెట్టుకోండి, స్క్రీన్ నల్లగా అయిపోతే అదే దిక్కు.
- ముఖ్యమైన ఫైళ్ళ బ్యాకప్. మనం చేసేవి ఫైళ్ళ జోలికి పోవు, అయినా బూట్ సెట్టింగ్స్ ముట్టుకుంటున్నాం కాబట్టి తీస్కోవడం మంచిది. మింట్ అనే లినక్స్ వాడేవాళ్ళయితే టైమ్‌షిఫ్ట్ అని ఉంటుంది, ఒక స్నాప్‌షాట్ తీసి మొదలుపెట్టండి.

కమాండ్ల గురించి ఒక మాట: ఫోన్‌లో చెప్తున్నట్టు అక్షరాలు విడదీసి, స్పేస్ ఎక్కడో కూడా చెప్తా. నేను ప్రత్యేకంగా పెద్దక్షరాలు అని చెప్తే తప్ప అన్నీ ఇంగ్లీషు చిన్నక్షరాల్లోనే టైప్ చెయ్యండి. లినక్స్‌లో పెద్దక్షరం చిన్నక్షరం ఒకటి కాదు.

1. నిజంగా రిజల్యూషన్ సమస్యేనా చూడండి

చాలామంది ఇక్కడే పొరపడతారు. అక్షరాలు మరీ చిన్నగా ఉన్నాయనో మరీ పెద్దగా ఉన్నాయనో రిజల్యూషన్ మార్చేస్తారు, దాంతో మొత్తం మసకబారుతుంది. సెట్టింగ్స్ తెరిచి డిస్‌ప్లే పేజీ చూడండి. అక్కడ మీ స్క్రీన్ అసలు రిజల్యూషనే సెలెక్ట్ అయి ఉండి, అక్షరాల సైజు మాత్రమే నచ్చకపోతే మీకు కావాల్సింది స్కేలింగ్, అదే పేజీలో స్కేల్ అని ఉంటుంది, 100 నుంచి 125కో 150కో మార్చండి, రిజల్యూషన్‌ని కదపకండి. ఉబుంటులో 125 కనపడాలంటే ఫ్రాక్షనల్ స్కేలింగ్ అనే స్విచ్ ఆన్ చెయ్యాలి. 1920×1080 స్క్రీన్‌ని 1366×768కి తగ్గిస్తే అక్షరాలు పెద్దవైతే అవుతాయి కానీ అంచులన్నీ అలికినట్టు ఉంటాయి, రోజంతా దాన్ని చూస్తూ కూర్చుంటే కళ్ళు లాగేస్తాయి.

ఇంకో తేలిక పరీక్ష: ఏదైనా గుండ్రటి బొమ్మ తెరవండి. అది అడ్డంగా సాగి కోడిగుడ్డులా కనిపిస్తే, స్క్రీన్ పొడవు వెడల్పుల లెక్క తప్పింది, అంటే నిజంగానే రిజల్యూషన్ సమస్య, కిందికి రండి.

లిస్టులో సరైన రిజల్యూషన్ ఉండి వేరేది సెలెక్ట్ అయి ఉంటే అదృష్టం, మార్చి అప్లై కొట్టండి. ఒక్కోసారి స్క్రీన్ మరీ 800×600లో ఉండి అప్లై బటన్ కింద ఎక్కడో కనపడకుండా పోతుంది. అప్పుడు ఆల్ట్ కీ నొక్కిపట్టి విండో మీద ఎక్కడైనా మౌస్‌తో పట్టుకుని పైకి లాగండి, కొన్ని డెస్క్‌టాప్‌లలో ఆల్ట్ బదులు సూపర్ కీ, అంటే విండోస్ గుర్తున్న కీ, పనిచేస్తుంది. అప్లై చేశాక ఈ మార్పు ఉంచాలా అని అడుగుతుంది, మీరేం నొక్కకపోతే కాసేపటికి పాతదే వచ్చేస్తుంది, కాబట్టి ఇక్కడ ప్రయోగాలు చెయ్యడానికి భయపడక్కర్లేదు.

2. డ్రైవర్ ఎక్కిందో లేదో చూడండి

అసలు విషయం ఇదే, దీన్ని దాటేసి ముందుకెళ్ళకండి.

టెర్మినల్ తెరవకుండానే రెండు గుర్తులున్నాయి. మొదటిది బ్రైట్‌నెస్. రిజల్యూషన్ తక్కువగా ఉండటంతో పాటు బ్రైట్‌నెస్ కీలు కూడా పనిచేయకపోతే డ్రైవర్ ఎక్కలేదని దాదాపు ఖాయం. రెండోది, సెట్టింగ్స్‌లో అబౌట్ పేజీకి వెళ్తే గ్రాఫిక్స్ అని ఒక లైన్ ఉంటుంది, అక్కడ ఇంటెల్, ఏఎండీ, ఎన్విడియా ఇలాంటి పేరు కాకుండా ఎల్ఎల్‌వీఎం పైప్ అనో సాఫ్ట్‌వేర్ రెండరింగ్ అనో ఉంటే గ్రాఫిక్స్ చిప్‌ని సిస్టమ్ వాడట్లేదు, బొమ్మలన్నీ ప్రాసెసరే గీస్తోంది. వీడియోలు ఆగిఆగి రావడం, ఫ్యాన్ ఊరికే తిరగడం కూడా అందుకే.

గట్టిగా తేల్చుకోవాలంటే టెర్మినల్‌లో ఎల్ ఎస్ పి సి ఐ, స్పేస్, హైఫన్, కె అని కొట్టండి. పెద్ద లిస్టు వస్తుంది. అందులో విజిఎ కంపాటిబుల్ కంట్రోలర్ అని మొదలయ్యే లైన్ వెతకండి, రెండు గ్రాఫిక్స్ చిప్‌లున్న ల్యాప్‌టాప్ అయితే 3డి కంట్రోలర్ అనో డిస్‌ప్లే కంట్రోలర్ అనో ఇంకోటి కూడా ఉండొచ్చు. ఆ లైన్ కింద కెర్నెల్ డ్రైవర్ ఇన్ యూజ్ అని ఉందా? ఉంటే పక్కన పేరు చూడండి. ఇంటెల్‌కి ఐ915, కొత్త చిప్‌లలో ఎక్స్ఈ. ఏఎండీకి ఏఎండీజీపీయూ, పాతవాటికి రేడియాన్. ఎన్విడియాకి నౌవూ లేదా ఎన్విడియా.

ఇక్కడ మోసపోయే చోటొకటుంది. కెర్నెల్ మాడ్యూల్స్ అని ఇంకో లైన్ కూడా ఉంటుంది, అందులో డ్రైవర్ పేరు కనిపించగానే "ఉందిగా" అనుకుంటారు. ఆ డ్రైవర్ సిస్టమ్‌లో దొరుకుతుంది అని మాత్రమే దానర్థం, వాడుతోందని కాదు. ఇన్ యూజ్ అనే లైన్ లేకుండా మాడ్యూల్స్ లైన్ ఒక్కటే ఉంటే డ్రైవర్ ఉండి కూడా ఎక్కట్లేదు, ఏదో ఆపుతోంది. ఆ ఆపేది చాలాసార్లు కింద చెప్పేదే.

3. నోమోడ్‌సెట్ మిగిలిపోయిందా?

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు స్క్రీన్ నల్లగా వస్తోందని సేఫ్ గ్రాఫిక్స్ అనే ఆప్షన్ ఎంచుకున్నారా? మింట్‌లో దాన్ని కంపాటిబిలిటీ మోడ్ అంటారు, ఫెడోరాలో బేసిక్ గ్రాఫిక్స్ మోడ్. పేరేదైనా లోపల జరిగేది ఒకటే, కెర్నెల్‌కి, అంటే లినక్స్ గుండెకాయలాంటి ప్రోగ్రామ్‌కి, నోమోడ్‌సెట్ అనే మాట చెప్తారు, అంటే గ్రాఫిక్స్ డ్రైవర్‌తో స్క్రీన్ మోడ్ మార్చొద్దు, బూట్ అయినప్పుడున్న సాదా మోడ్‌లోనే ఉండు అని. ఇన్‌స్టాల్ వరకు అది మంచి సాయమే. కానీ ఆ మాట చాలాసార్లు ఇన్‌స్టాల్ అయిన సిస్టమ్‌లోకి కూడా వచ్చి కూర్చుంటుంది, తర్వాత ఎన్ని డ్రైవర్లు వేసినా లాభం ఉండదు, ప్రతి బూట్‌లోనూ అది డ్రైవర్ని పక్కకి నెట్టేస్తూనే ఉంటుంది.

ఉందో లేదో చూడ్డానికి: సి ఎ టి, స్పేస్, స్లాష్, పి ఆర్ ఒ సి, స్లాష్, సి ఎం డి ఎల్ ఐ ఎన్ ఇ. వచ్చిన లైన్‌లో ఎన్ ఒ ఎం ఒ డి ఇ ఎస్ ఇ టి అని కలిపి రాసిన మాట కనిపిస్తే దొంగ దొరికినట్టే.

వెంటనే శాశ్వతంగా తీసెయ్యకండి. ముందు ఒక్క బూట్‌కి తీసి చూడండి, ఎందుకంటే మీరు సేఫ్ గ్రాఫిక్స్ ఎంచుకోవడానికి నిజమైన కారణం ఉండి ఉండొచ్చు. ఇలా:

అ) రీస్టార్ట్ చేసి, కంపెనీ లోగో పోగానే ఎస్కేప్ కీ ఒకసారి కొట్టండి, పాత బయోస్ ల్యాప్‌టాప్ అయితే షిఫ్ట్ నొక్కిపట్టుకోండి. గ్రబ్ మెనూ, అంటే ఏది బూట్ చెయ్యాలో ఎంచుకునే లిస్టు, వస్తుంది. ఎస్కేప్ ఎక్కువసార్లు కొడితే మెనూ బదులు గ్రబ్ అని రాసి ఖాళీ లైన్ వస్తుంది, కంగారు పడకుండా మళ్ళీ రీస్టార్ట్ చెయ్యండి.

ఆ) మొదటి లైన్ మీద ఉండగా ఇ అక్షరం నొక్కండి. కొన్ని లైన్లు వస్తాయి, వాటిలో లినక్స్ అనే మాటతో మొదలయ్యే లైన్ చివరికి వెళ్ళండి, నోమోడ్‌సెట్‌ని మాత్రమే చెరపండి. పక్కనున్న క్వైట్, స్ప్లాష్ లాంటివి ముట్టుకోకండి.

ఇ) కంట్రోల్, ఎక్స్ కలిపి నొక్కండి, లేదా ఎఫ్10. బూట్ అవుతుంది. ఈ మార్పు ఈ ఒక్క బూట్‌కే, తేడా కొడితే పవర్ ఆఫ్ చేసి ఆన్ చేస్తే మళ్ళీ మొదటిలాగే వస్తుంది.

రిజల్యూషన్ సరిగ్గా వచ్చేసిందా? అయితే ఇప్పుడు శాశ్వతంగా తీద్దాం. ఉబుంటు, మింట్, డెబియన్‌లో: సుడో, స్పేస్, నానో, స్పేస్, ఆ తర్వాత ఫైల్ పేరు, స్లాష్ ఇ టి సి, స్లాష్ డిఫాల్ట్, స్లాష్ గ్రబ్. అందులో పెద్దక్షరాల్లో గ్రబ్ సిఎండిలైన్ లినక్స్ డిఫాల్ట్ అని ఒక లైన్, దాని దగ్గర్లోనే చివర డిఫాల్ట్ అనే మాట లేకుండా అలాంటిదే ఇంకోటి ఉంటాయి, రెండూ చూడండి, ఎందులో ఉన్నా నోమోడ్‌సెట్ తీసెయ్యండి. కోట్స్ గుర్తులు రెండువైపులా అలాగే ఉండాలి, ఒకటి పోయినా తర్వాతి కమాండ్ ఎర్రర్ ఇస్తుంది. కంట్రోల్ ఒ, ఎంటర్, కంట్రోల్ ఎక్స్ కొట్టి బయటికి రండి. ఆ తర్వాత సుడో, స్పేస్, అప్‌డేట్-గ్రబ్, మధ్యలో స్పేస్ లేకుండా హైఫన్‌తో. ఈ ఆఖరి కమాండ్ మర్చిపోయేవాళ్ళు చాలామంది, ఫైల్ మార్చారు కదా ఇంకా అలాగే ఉందేంటి అంటారు, అది కొట్టకపోతే మార్పు బూట్‌లోకి వెళ్ళదు.

ఫెడోరాలో ఫైల్ తెరవక్కర్లేదు, గ్రబ్బీ అనే కమాండ్ ఉంది: సుడో, స్పేస్, జి ఆర్ యు బి బి వై, స్పేస్, రెండు హైఫన్లు, అప్‌డేట్-కెర్నెల్, ఈక్వల్ గుర్తు, పెద్దక్షరాల్లో ఆల్, స్పేస్, రెండు హైఫన్లు, రిమూవ్-ఆర్గ్స్, ఆర్గ్స్ అంటే ఎ ఆర్ జి ఎస్, ఈక్వల్ గుర్తు, నోమోడ్‌సెట్.

ఒకవేళ తీసి బూట్ చేస్తే స్క్రీన్ నల్లగా అయిపోయిందనుకోండి, నోమోడ్‌సెట్‌ని ఇప్పటికి అలాగే ఉంచి, తర్వాతి మెట్టులో డ్రైవర్ వేస్కుని, మళ్ళీ ఇక్కడికి వచ్చి తీయండి. ఈ వరస తప్పితే గంటలు పోతాయి.

4. మీ చిప్‌కి తగ్గ డ్రైవర్

ఇంటెల్: విడిగా దించుకునే డ్రైవర్ ఏమీ లేదు, కెర్నెల్‌లోనే ఉంటుంది. సిస్టమ్ మొత్తం అప్‌డేట్ చేసి రీస్టార్ట్ చెయ్యండి, అంతే. అయినా ఎక్కట్లేదంటే ల్యాప్‌టాప్ కొత్తది, కెర్నెల్ పాతది. ఉబుంటు 24.04లో అయితే లినక్స్-జెనరిక్-హెచ్‌డబ్ల్యూఈ-24.04 అనే ప్యాకేజీ వేస్తే కొత్త కెర్నెల్ వస్తుంది. మింట్‌లో అప్‌డేట్ మేనేజర్ తెరిచి వ్యూ మెనూలో లినక్స్ కెర్నెల్స్ అని ఉంటుంది, అక్కడి నుంచి కొత్తది ఎంచుకోవచ్చు, పాతది తీసెయ్యకండి, కొత్తది బూట్ కాకపోతే గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ నుంచి పాతదాంట్లోకి వెళ్ళడానికి పనికొస్తుంది.

ఏఎండీ: ఇది కూడా కెర్నెల్‌లోనే, కానీ ఫర్మ్‌వేర్ ఫైళ్ళు (చిప్‌లోకి ఎక్కించే చిన్న ప్రోగ్రామ్‌లు) విడిగా కావాలి, అవి లేకపోతే డ్రైవర్ మొదలవ్వబోయి ఆగిపోతుంది. ఉబుంటు, మింట్‌లో లినక్స్-ఫర్మ్‌వేర్ అనే ప్యాకేజీ, మామూలుగా ముందే ఉంటుంది, అప్‌డేట్ చేస్తే చాలు. డెబియన్‌లో 2023లో వచ్చిన 12వ వెర్షన్ నుంచి ఇన్‌స్టాలరే ఫర్మ్‌వేర్ వేసేస్తోంది, అంతకుముందు వెర్షన్లలో నాన్-ఫ్రీ విభాగాన్ని సోర్సెస్‌లో మీరే కలిపి, ఫర్మ్‌వేర్-ఏఎండీ-గ్రాఫిక్స్ అనే ప్యాకేజీ వేస్కోవాలి. ఫర్మ్‌వేర్ గొడవో కాదో తెలియాలంటే సుడో, స్పేస్, డి ఎం ఇ ఎస్ జి కొట్టి వచ్చినదాంట్లో ఫర్మ్‌వేర్, ఫెయిల్డ్ అనే మాటలు ఒకే లైన్‌లో ఉన్నాయేమో వెతకండి.

ఎన్విడియా: దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి.

రెండు చిప్‌లున్న ల్యాప్‌టాప్‌లలో లోపలి స్క్రీన్ ఎక్కువసార్లు ఇంటెల్ లేదా ఏఎండీ చిప్‌కే కలిపి ఉంటుంది, హెచ్‌డీఎంఐ పోర్ట్ మాత్రం చాలావాటిలో ఎన్విడియాకి కలిపి ఉంటుంది. కాబట్టి లోపలి స్క్రీన్ రిజల్యూషన్ తప్పుగా ఉంటే ఎన్విడియా డ్రైవర్ మీద పడకుండా ముందు ఇంటెల్ లేదా ఏఎండీ డ్రైవర్ ఎక్కిందో లేదో చూడండి. లోపలి స్క్రీన్ బాగుండి బయట పెట్టిన మానిటర్ మాత్రం కనపడట్లేదంటే అప్పుడు ఎన్విడియా సంగతి చూడాలి. ఈ ఒక్క తేడా తెలియక ఎన్విడియా డ్రైవర్లు వేస్తూ తీస్తూ ఉండేవాళ్ళు ఎంతోమంది.

డ్రైవర్ వేయాల్సి వస్తే ఉబుంటులో అడిషనల్ డ్రైవర్స్, మింట్‌లో డ్రైవర్ మేనేజర్ తెరవండి, రికమెండెడ్ అని రాసినదాన్ని ఎంచుకుని అప్లై చెయ్యండి. ఫెడోరాలో ఆర్‌పీఎం ఫ్యూజన్ రిపాజిటరీ కలుపుకుని ఏకెమాడ్-ఎన్విడియా వేస్కోవాలి, వేసిన వెంటనే రీస్టార్ట్ చెయ్యకండి, వెనకాల మాడ్యూల్ తయారవ్వడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, అది పూర్తవకముందే రీస్టార్ట్ చేస్తే డ్రైవర్ లేకుండానే బూట్ అవుతుంది.

ఎన్విడియా సైట్ నుంచి రన్ ఫైల్ దించుకుని వేయకండి. వేసిన రోజు పనిచేస్తుంది, తర్వాత కెర్నెల్ అప్‌డేట్ వచ్చినప్పుడు విరిగిపోతుంది, అప్పుడు దాన్ని శుభ్రంగా తీసెయ్యడం పెద్ద పని. మీ డిస్ట్రో (ఉబుంటు, మింట్ లాంటి మీ లినక్స్ రకం) ఇచ్చే ప్యాకేజీయే వాడండి.

సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న సాఫ్ట్‌వేర్‌నే బూట్‌లో రానిచ్చే రక్షణ) ఆన్‌లో ఉంటే ఇంకో మెలిక. సంతకం లేని మాడ్యూల్‌ని కెర్నెల్ లోపలికి రానివ్వదు, డ్రైవర్ వేసినట్టే ఉంటుంది కానీ ఎక్కదు. ఉబుంటులో డ్రైవర్ వేసేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమని అడుగుతుంది, రీస్టార్ట్ అయినప్పుడు నీలం స్క్రీన్ వస్తుంది, అక్కడ ఎన్‌రోల్ ఎంఓకే ఎంచుకుని అదే పాస్‌వర్డ్ కొట్టాలి. ఆ నీలం స్క్రీన్ చూసి ఏదో ఎర్రర్ అనుకుని కంటిన్యూ బూట్ నొక్కేస్తారు, అదే అసలు తప్పు. నొక్కేసి ఉంటే డ్రైవర్ తీసి మళ్ళీ వేయండి, మళ్ళీ అడుగుతుంది. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉందో లేదో చూడ్డానికి ఎం ఒ కె యు టి ఐ ఎల్, స్పేస్, రెండు హైఫన్లు, ఎస్ బి, హైఫన్, స్టేట్. బయోస్‌లోకి వెళ్ళి దాన్ని ఆపెయ్యడం కూడా ఒక దారే, కానీ పక్కన విండోస్ ఉండి దాంట్లో బిట్‌లాకర్ (డిస్క్‌కి తాళం వేసే ఏర్పాటు) ఆన్‌లో ఉంటే రికవరీ కీ అడుగుతుంది, ఆ కీ చేతిలో ఉంటేనే ముట్టుకోండి.

5. పాత సెట్టింగ్ ఫైళ్ళు అడ్డుపడుతున్నాయేమో

డ్రైవర్ ఎక్కింది, నోమోడ్‌సెట్ లేదు, అయినా రిజల్యూషన్ తప్పే. అప్పుడు చూడాల్సినవి రెండు ఫైళ్ళు.

మొదటిది, స్లాష్ ఇ టి సి, స్లాష్ పెద్ద ఎక్స్ తర్వాత 11, ఆ ఫోల్డర్‌లో ఎక్స్ఓఆర్‌జీ డాట్ కాన్ఫ్, అంటే సి ఒ ఎన్ ఎఫ్. ఈ రోజుల్లో ఆ ఫైల్ అవసరమే లేదు, ఉందంటే ఎప్పుడో వేసిన ఎన్విడియా టూలో, ఎక్కడో చదివి మీరు పెట్టిందో అయి ఉంటుంది. డిలీట్ చెయ్యకండి, పేరు చివర ఓల్డ్ అని తగిలించి లాగౌట్ అయ్యి రండి. బాగుపడితే సరే, లేకపోతే పేరు వెనక్కి మార్చుకోవచ్చు.

రెండోది మీ హోమ్ ఫోల్డర్‌లోది. ఫైల్ మేనేజర్‌లో కంట్రోల్ హెచ్ కొడితే దాచిన ఫోల్డర్లు కనిపిస్తాయి, డాట్ కాన్ఫిగ్ లోపల మానిటర్స్ డాట్ ఎక్స్ఎంఎల్, మింట్ సినమన్‌లో సినమన్-మానిటర్స్ డాట్ ఎక్స్ఎంఎల్. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో మీరు ఎంచుకున్నవి ఇందులో ఉంటాయి. దీన్ని కూడా పేరు మార్చి లాగౌట్ అయ్యి లాగిన్ అవ్వండి, మొదటినుంచి కొత్తగా రాసుకుంటుంది. లాగిన్ స్క్రీన్ దగ్గర సరిగ్గా ఉండి లోపలికి రాగానే మారిపోతోందంటే నూటికి తొంభై పాళ్ళు ఇదే.

6. బయటి మానిటర్, టీవీ, ప్రొజెక్టర్

లోపలి స్క్రీన్ బాగుండి బయటిదే 1024×768 దగ్గర ఆగిపోతే ముందు కేబుల్ని అనుమానించండి. మానిటర్ తన వివరాలు కేబుల్లోని కొన్ని పిన్నుల మీదుగా పంపిస్తుంది, వాటిని ఈడీఐడీ అంటారు, పాత విజిఎ కేబుల్లోనో చౌక కన్వర్టర్లోనో ఆ పిన్నులు లేకపోతే వివరాలు రావు, కెర్నెల్ ఎందుకైనా మంచిదని 1024×768 వరకే చూపిస్తుంది. ఇంకో కేబుల్ మార్చి చూడండి, హెచ్‌డీఎంఐ ఉంటే అదే వాడండి. స్ప్లిటర్లు, స్విచ్ బాక్సులు మధ్యలో ఉంటే తీసి నేరుగా పెట్టి చూడండి.

టీవీలో అంచులు కోసుకుపోతే అది టీవీ సెట్టింగ్, పిక్చర్ మెనూలో జస్ట్ స్కాన్, స్క్రీన్ ఫిట్, 1:1 లాంటి పేరుతో ఉంటుంది. 4కే మానిటర్లో మౌస్ ఈడ్చుకుంటూ కదిలితే రిఫ్రెష్ రేట్ 30 హెర్ట్జ్ అయి ఉంటుంది, హెచ్‌డీఎంఐ 1.4కి 4కేలో అంతకన్నా రాదు, 60 కావాలంటే ల్యాప్‌టాప్ పోర్టు, కేబుల్, మానిటర్ మూడూ 2.0 అయినా ఉండాలి.

7. ఏదీ కుదరకపోతే, మోడ్ మీరే తయారుచేస్కోండి

ఇది ఎక్కువగా ఈడీఐడీ సరిగ్గా పంపని బయటి మానిటర్లకి. ముందు మీరు వేలాండ్‌లో ఉన్నారా ఎక్స్‌11లో ఉన్నారా చూస్కోండి (ఇవి స్క్రీన్ మీద విండోలు చూపించే రెండు పద్ధతులు, ఎక్స్‌11నే ఎక్స్‌ఓఆర్‌జీ అని కూడా అంటారు), అబౌట్ పేజీలో విండోయింగ్ సిస్టమ్ అని ఉంటుంది. వేలాండ్ అయితే కింది కమాండ్లు పనిచేయవు, పనిచేసినట్టు కనిపించినా ఏమీ మారదు. లాగిన్ స్క్రీన్ దగ్గర గేర్ గుర్తు నొక్కితే ఎక్స్‌ఓఆర్‌జీ ఆప్షన్ ఉంటే దాంట్లోకి వెళ్ళండి, కొత్త గ్నోమ్‌లో (ఉబుంటు, ఫెడోరాల్లో మామూలుగా వచ్చే డెస్క్‌టాప్) అది తీసేశారు, ఆ దారి కింద చెప్తా.

ఎక్స్ ఆర్ ఎ ఎన్ డి ఆర్ అని కొట్టండి. కనెక్టెడ్ అని ఉన్న లైన్ మొదట్లో ఉన్నది మీ పోర్ట్ పేరు, లోపలి స్క్రీన్‌కి ఇడిపి-1 లాంటిది, బయటిదానికి హెచ్‌డీఎంఐ-1, విజిఎ-1 లాంటివి. నక్షత్రం గుర్తున్నది ఇప్పుడు నడుస్తున్న మోడ్, ప్లస్ గుర్తున్నది మానిటర్ కోరుకునే మోడ్. పోర్ట్ పేరు బదులు డిఫాల్ట్ అని ఉండి, గామా సైజు దొరకలేదని ఎర్రర్ వస్తే ఇక్కడే ఆగి రెండో మెట్టుకి వెళ్ళండి, డ్రైవర్ లేదని అది చెప్తోంది, ఈ కమాండ్లు ఎన్ని వేసినా పనిచేయవు.

అంతా సరిగ్గా ఉంటే: సి వి టి, స్పేస్, 1920, స్పేస్, 1080, స్పేస్, 60. కమాండ్ లేదంటే డెబియన్, ఉబుంటులో ఎక్స్ సి వి టి అనే ప్యాకేజీ వేయండి. మోడ్‌లైన్ అని ఒక లైన్ ఇస్తుంది. ఆ మోడ్‌లైన్ అనే మాట వదిలేసి మిగతాది మొత్తం కాపీ చెయ్యండి. ఇక మూడు కమాండ్లు, మూడూ ఎక్స్ఆర్ఏఎన్‌డీఆర్‌తోనే మొదలవుతాయి: రెండు హైఫన్లు న్యూమోడ్, కాపీ చేసిన లైన్. తర్వాత రెండు హైఫన్లు యాడ్‌మోడ్, పోర్ట్ పేరు, కోట్స్‌లో ఉన్న మోడ్ పేరు. చివరగా రెండు హైఫన్లు అవుట్‌పుట్, పోర్ట్ పేరు, రెండు హైఫన్లు మోడ్, మళ్ళీ మోడ్ పేరు. పోర్ట్ పేరులో పెద్దక్షరాలు చిన్నక్షరాలు స్క్రీన్ మీద ఉన్నట్టే కొట్టాలి.

బ్యాడ్ నేమ్ అని ఎర్రర్ వస్తే ఆ పేరుతో మోడ్ ముందే తయారై ఉందన్నమాట, న్యూమోడ్ దాటేసి యాడ్‌మోడ్‌కి వెళ్ళండి. 1366×768 అడిగితే సివిటి 1368×768 ఇస్తుంది, వెడల్పు ఎనిమిదితో భాగించబడాలని దాని లెక్క, ఫరవాలేదు. రిఫ్రెష్ రేట్ మాత్రం మానిటర్ తట్టుకునేదానికన్నా ఎక్కువ పెట్టకండి, అవుట్ ఆఫ్ రేంజ్ అని వస్తుంది లేదా నల్లగా ఉండిపోతుంది.

ఇదంతా రీస్టార్ట్ చేస్తే పోతుంది. నిలబడాలంటే ఆ మూడు లైన్లూ హోమ్ ఫోల్డర్‌లో డాట్ ఎక్స్‌ప్రొఫైల్ అనే ఫైల్‌లో పెట్టండి, కానీ రెండు మూడు రోజులు చేత్తో కొట్టి వాడి, బాగుందనుకున్నాకే పెట్టండి.

వేలాండ్ ఒక్కటే ఉన్నవాళ్ళు కెర్నెల్‌కి చెప్పాలి: మూడో మెట్టులో చూపించిన గ్రబ్ లైన్‌లోనే వీడియో, ఈక్వల్ గుర్తు, పోర్ట్ పేరు (కెర్నెల్ లెక్కలో హెచ్‌డీఎంఐ-1 అంటే హెచ్‌డీఎంఐ-ఎ-1), కోలన్, 1920, ఎక్స్ అక్షరం, 1080, ఎట్ గుర్తు, 60, మధ్యలో స్పేస్ లేకుండా. ఇది కూడా ముందు ఇ నొక్కి ఒక్క బూట్‌కి చూసి తర్వాతే ఫైల్లో రాయండి.

స్క్రీన్ నల్లగా అయిపోతే

కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కండి. అక్షరాల స్క్రీన్ వస్తే లాగిన్ అయ్యి ఆఖర్న మార్చినదాన్ని వెనక్కి తీయండి, డాట్ ఎక్స్‌ప్రొఫైల్ అయితే పేరు మార్చండి, రీబూట్ చెయ్యండి. పాస్‌వర్డ్ కొడుతుంటే ఏమీ కనపడదు, అది మామూలే. అక్షరాల స్క్రీన్ కూడా రాకపోతే గ్రబ్‌లో ఇ నొక్కి లినక్స్ లైన్ చివర నోమోడ్‌సెట్ మీరే కలిపి బూట్ చెయ్యండి, ఆ మాట అసలు ఉన్నది ఇలాంటప్పుడు వాడటానికే. అదీ కాకపోతే పెన్‌డ్రైవ్.

సరిగ్గా అయిందో లేదో ఎలా తెలుసుకోవాలి

ఒక్కసారి కనిపించగానే అయిపోయిందనుకోకండి. పూర్తిగా షట్‌డౌన్ చేసి ఆన్ చెయ్యండి, అలా రెండుసార్లు. మూత మూసి, స్లీప్‌లోకి వెళ్ళాక తెరవండి. బ్రైట్‌నెస్ కీలు నొక్కి చూడండి. అబౌట్‌లో అసలు చిప్ పేరు వచ్చిందా, ఆ గుండ్రటి బొమ్మ గుండ్రంగా ఉందా చూడండి. బయటి మానిటర్ వాడేవాళ్ళయితే పీకి మళ్ళీ పెట్టండి. తర్వాత మొదటి కెర్నెల్ అప్‌డేట్ వచ్చాక ఇంకోసారి చూస్కోండి, ముఖ్యంగా ఎన్విడియా వాళ్ళు.

అయినా కుదరకపోతే ఎవరినైనా అడిగేటప్పుడు "రిజల్యూషన్ రావట్లేదు" అని ఒక్క ముక్క రాసి వదిలేయకండి, ఎవరూ ఏం చెప్పలేరు. డిస్ట్రో పేరు, వెర్షన్, ల్యాప్‌టాప్ మోడల్, రెండో మెట్టులో వచ్చిన గ్రాఫిక్స్ లైన్లు, మూడో మెట్టులో వచ్చిన లైన్, వేలాండా ఎక్స్‌11ఆ, ఇప్పటిదాకా ఏమేం మార్చారో, ఇవన్నీ పెట్టండి. ఫోటో తీసి పెట్టకుండా టెర్మినల్‌లో సెలెక్ట్ చేసి కంట్రోల్, షిఫ్ట్, సి కొట్టి కాపీ చేసి పెడితే చదివేవాళ్ళకి తేలిక, మీకు జవాబు కూడా త్వరగా వస్తుంది.